కరిగే లోహానికి ఏసీ గది

సరిహద్దు గ్రామాల్లో సిగ్నల్ లేదనే మాట ఇకమీదట చరిత్ర పుస్తకాల్లోనే మిగలాలని, ఆ పుస్తకాలను కూడా జనం ఫోన్లలోనే చదువుకోవాలని, సరిహద్దు సంకేతాభివృద్ధి నిగమ అధ్యక్షులు, క్యాబినెట్ హోదా కలిగిన రాజగోపాలయ్యగారు బళ్ళారిలో ప్రకటించారు. ప్రకటన పూర్తి కాకముందే చప్పట్లు మొదలుపెట్టినవాడు నిట్టగుండు గ్రామ బూత్ కార్యకర్త రుద్రేశ్. ఏ సభలోనైనా మొదటి చప్పట్లు అతనివే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వీడి సంబరం అని అతని తల్లి కెంచమ్మ అంటుంది గాని, పార్టీలు నిలబడేది అలాంటి సంబరం మీదే.

నిజానికి రాజగోపాలయ్యగారికి మంత్రి పదవి రావలసింది. పైవాళ్ళు చూసుకునేసరికి మనుషులు ఎక్కువయ్యారు, కుర్చీలు తక్కువయ్యాయి. మిగిలినవాళ్ళకు నిగమాలు, అంటే ప్రభుత్వ కార్పొరేషన్లు, పంచారు. అవి కూడా అయిపోయాక ఈయన ఒక్కరే మిగిలితే, పెద్దమనిషిని ఉత్తచేతులతో పంపకూడదని ఆయన కోసమే ఒక నిగమాన్ని పుట్టించారు. ముందు అధ్యక్షుణ్ణి నియమించారు, తరువాత కారు ఇచ్చారు, ఆ తరువాత బోర్డు రాయించారు. నిగమం చేయవలసిన పని ఏమిటన్నది మాత్రం నిదానంగా ఆలోచించారు. పాలనలో తొందర పనికిరాదు.

పని దొరికింది నిట్టగుండు పుణ్యాన. ఆ ఊరు సిరుగుప్ప అవతల, ఆంధ్ర పొలాలను ఆనుకొని ఉంటుంది. అక్కడ ఫోను వంటింట్లో ఉంటే ఆంధ్రలో ఉన్నట్టు, వాకిట్లోకి వస్తే కర్ణాటకలో ఉన్నట్టు. నిద్రలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దొర్లితే చాలు, దిండు కింది ఫోను మేలుకొని స్వాగతం చెబుతుంది. ఇన్ని స్వాగతాలు అందుకునే ప్రజలు దేశంలో ఇంకెక్కడా ఉండరు. చిక్కంతా రేషన్ మిషన్‌తోనే. సొంత రాష్ట్రం సిగ్నల్ తప్ప ఇంకోటి ముట్టనంత మడి దానిది. ఆ సిగ్నలేమో మిషన్ నడిచేంత నిలకడగా ఊరి పక్కనున్న పెద్ద రాతిగుండు మీద మాత్రమే అందుతుంది. అందుకని నెలనెలా రేషన్ డీలర్ బసప్ప మిషన్ చంకన పెట్టుకొని గుండెక్కుతాడు. వెనకాలే ఊరంతా ఎక్కి వేలిముద్ర వేస్తుంది, దిగి వచ్చి బియ్యం తీసుకుంటుంది.

పోయిన నెల దిగేటప్పుడు కెంచమ్మ జారింది. మోకాలు వాచి ఇంట్లో గోడ పట్టుకొని నడుస్తోంది. సరిగ్గా ఇప్పుడే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కార్డులో పేరున్న ప్రతి మనిషీ నెలాఖరులోగా స్వయంగా వేలిముద్ర వేయాలి, వేయకపోతే పేరు తీసేస్తారు. పేరు పోతే బియ్యం పోతాయి.

"నువ్వింక గుండెక్కే పనే లేదుమా," అన్నాడు రుద్రేశ్ బళ్ళారి సభ నుంచి వచ్చిన సాయంత్రం. "సిగ్నలు మన ఊళ్ళోకే వస్తాదంట. బసప్ప అంగట్లోనే ముద్ర ఏసి రావచ్చు."

"సావ్కార్ రాజగోపాలయ్య చెప్పినాడా, నువ్వు చెప్తాండావా?"

"ఇద్దరమూ చెప్తాండాము."

"నువ్వు చెప్తే సరే," అంది కెంచమ్మ మోకాలికి పసుపు పట్టు వేసుకుంటూ. "నీ మాట మీద కూర్చుంటా."

ఆ మాట రుద్రేశ్‌కు లోపలెక్కడో తగిలింది. నాయకుడు మాట తప్పితే ఇంకో సభ పెట్టుకోవచ్చు. కొడుకు తప్పితే అమ్మ ఆ మోకాలితో గుండెక్కాలి.

సావ్కార్ అని జిల్లా అంతా పిలిచే రాజగోపాలయ్యగారికి బళ్ళారి బజారులో తాతల నాటి వెండి అంగడి ఉంది. నిగమం ఆఫీసుకు ఇంకా కుర్చీలు రాలేదు కాబట్టి సిగ్నల్ సమస్యకు పరిష్కారం ఆ అంగడి మేడ మీదే వెలువడింది. శరణ్ అనే ఇంజనీరు బెంగళూరు నుంచి ఒక పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు. పలక మీద సన్నని గాజుగొట్టాలు, వాటిలో వెండిలా మెరుస్తూ ఏదో పారుతోంది. ఊరి తరఫున పిలిస్తే వచ్చి మూలన కూర్చున్న రుద్రేశ్ కూడా మెడ సాచి చూశాడు.

"ఇది ద్రవలోహం యాంటెన్నా సార్," అన్నాడు శరణ్. "మామూలు యాంటెన్నా అంటే కడ్డీ. దాని పొడవు మారదు, ముఖం తిరగదు. ఇందులో కడ్డీకి బదులు గొట్టాల్లో కరిగిన లోహం ఉంటుంది. చిన్న పంపుతో తోస్తే ఒక గొట్టం నిండుతుంది, ఇంకోటి ఖాళీ అవుతుంది. ఆకారం మారితే పట్టే సిగ్నల్ మారుతుంది, పంపే దిక్కూ మారుతుంది. దూరంగా ఉన్న మన టవర్ సిగ్నల్‌ని పట్టి పొద్దున రేషన్ అంగడికి, మధ్యాహ్నం బడికి, సాయంత్రం ఇళ్ళకు మళ్ళించొచ్చు."

"కాలువ నీళ్ళకు మడవ తిప్పినట్ల."

"అంతే సార్."

"ఏం లోహమప్పా ఇది? పాదరసమా?"

"కాదు సార్, గాలియం. పాదరసం మాదిరి విషం కాదు. దీంట్లో ఇంకో రెండు లోహాలు కలుపుతాము."

సావ్కార్ ముఖం మారిపోయింది. వెండి అంగట్లో కలపడం అనే మాట గట్టిగా అనకూడదు.

"కలుపుతారా? ఎందుకు కలుపుతారు?"

"కలిపితే చల్లగా ఉన్నా గడ్డకట్టదు సార్. పారుతానే ఉంటుంది."

"చూడప్పా శరణ్. మా తాత కాలం నుంచి శుద్ధమైన వెండి అని జనం మా మెట్లెక్కుతాండారు. ఇప్పుడు గవర్నమెంటు పనిలో కల్తీ లోహం పెట్టించినాడని పేపర్లో వస్తే నా ముఖం యాడ పెట్టుకోవాల? కల్తీ వద్దు. శుద్ధమైనదే పెట్టు."

"శుద్ధమైనదైతే ముప్పై డిగ్రీలకు కిందికి పోతే గట్టిపడిపోతుంది సార్. ఇంక ఆకారం మారదు."

"ముప్పైకి కింద బళ్ళారిలో యాడుండాదప్పా?"

శరణ్ కిటికీలోంచి చూశాడు. తారు మెత్తబడిన రోడ్డు, దాని మీద చెప్పు అతుక్కొని నిలబడిన మనిషి కనబడ్డారు. తల ఊపాడు. "హౌదు సార్. మీ ఎండకు నడుస్తుంది. చలికాలం తెల్లారుజామున మాత్రం కొంచెం..."

"తెల్లారుజామున ఎవరు ఫోన్ చేస్తారు. స్వల్ప అడ్జస్ట్ మాడి."

ప్రభుత్వ పనిలో కల్తీని ఇంత చప్పున పట్టేసిన నాయకుణ్ణి రుద్రేశ్ అంతకుముందు చూడలేదు. చప్పట్లు కొట్టబోయి, అది సభ కాదని గుర్తొచ్చి చేతులు కిందికి దించాడు.

ఇక్కడ బళ్ళారి మర్యాద గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈ జిల్లాకు ఉన్నవి రెండే కాలాలు, ఎండాకాలం ఒకటి, మండే కాలం ఒకటి. అందుకని ఇక్కడ గౌరవాన్ని చల్లదనంతో కొలుస్తారు. ఇంటికి వచ్చినవాడు మామూలు మనిషైతే కుండ నీళ్ళు, కాస్త కావలసినవాడైతే ఫ్రిజ్ నీళ్ళు ఇస్తారు. ఇంకాస్త పెద్దవాడైతే కూలర్ తీసుకొచ్చి అతని వైపు తిప్పుతారు. వియ్యంకుడైతే ఏసీ గదిలో కూర్చోబెట్టి తలుపు వేస్తారు. అతను వణికితే మర్యాద సరిగ్గా జరిగినట్టు లెక్క.

కాబట్టి అంత గొప్ప లోహం నిట్టగుండుకు విజయం చేస్తున్నప్పుడు దాన్ని పంచాయతీ మిద్దె మీద ఎండలో నిలబెట్టడం ఎవరికీ మనసొప్పలేదు. సావ్కార్ పీఏ విక్రమ్ స్వయంగా ముందుకొచ్చి మిద్దె మీద ఒక అద్దాల గది కట్టించాడు. గదికి ఏసీ బిగించాడు. గోడకు సావ్కార్ ఫోటో తగిలించాడు. యాంటెన్నాకు కరెంటు పోయినా నడిచేలా పెద్ద బ్యాటరీ పెట్టించాడు. ఏసీకి బ్యాటరీ పెట్టించలేదు, అది ఎస్టిమేట్‌లో లేదు.

ప్రారంభోత్సవం రోజు శరణ్ మిద్దెక్కి ఆ గదిని చూసి నిలబడిపోయాడు.

"ఈ ఏసీ ఎవరికి సార్?"

"లోహానికి," అన్నాడు విక్రమ్.

"చల్లబడితే గట్టిపడుతుందని చెప్పినా కదా సార్."

"మంచిదే కదప్పా. గట్టిగుంటే ఎక్కువ కాలం వస్తాది."

శరణ్ మళ్ళీ నోరు తెరిచేలోగా విక్రమ్ సైగ చేశాడు. కార్యకర్తలు వచ్చి అతనికి తలపాగా చుట్టి, శాలువా కప్పి, పండ్ల బుట్ట చేతికిచ్చారు. పండ్ల బుట్ట పట్టుకొని ఫిర్యాదు చేసిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. శరణ్ కూడా పుట్టలేదు.

వేదికను ఊరిని ఆనుకొని ఉన్న రైతు దుర్గక్క పొలంలో వేశారు. అప్పటికి అది బీడు. ఢిల్లీలో ఉన్న పెద్ద నాయకుడితో వేదిక మీదినుంచే వీడియోలో మాట్లాడాలని సావ్కార్ ముచ్చట. శరణ్ లాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. మిద్దె మీద గొట్టాల్లో లోహం జరజరా పారి ఒకచోట తగ్గి ఇంకోచోట నిండింది. సిగ్నలంతా ఊరి మీదుగా వచ్చి వేదిక మీద వాలింది. సావ్కార్ చేతిలోని ఫోనులో ఢిల్లీ నాయకుడి ముఖం కనబడి, గుడ్ గుడ్ అని, ఇంకెవరితోనో మాట్లాడటానికి అటు తిరిగింది.

రుద్రేశ్‌కు కళ్ళు చెమర్చాయి. అబద్ధమెందుకు, అది నిజంగానే పనిచేసింది. గుండెక్కకుండా, గోడెక్కకుండా నిట్టగుండు నేల మీద నిలబడి ఒక మనిషి ఢిల్లీతో మాట్లాడాడు. జనంలో కూర్చున్న తల్లిని వెతుక్కొని, చూసినావా అన్నట్టు చెయ్యెత్తాడు. కెంచమ్మ కూడా ఎత్తింది, బొటనవేలు.

తరువాత సావ్కార్ మిద్దెక్కి రిమోట్ నొక్కి ఏసీని కూడా ప్రారంభించారు. అద్దాలు మసకబారాయి. ఫోటోలు తీసుకున్నారు. గదికి తాళం వేసి, తాళంచెవి, రిమోట్ పట్టుకొని విక్రమ్ కారెక్కాడు. శరణ్‌ను కూడా అదే కారులో ఎక్కించుకొని పోయారు.

మర్నాడు బసప్ప తన అంగట్లో మిషన్ పెట్టి చూశాడు, సిగ్నల్ లేదు. బడిలో లేదు, ఇళ్ళలో లేదు. గుండు మీదికి పోతే, కొత్త యాంటెన్నాతో పోట్లాడి అక్కడి పాత సిగ్నల్ కూడా పోయింది, ఇళ్ళలో దొరికే ఆంధ్రది కూడా పోయింది. నిన్న వేదిక ఉన్నచోట మాత్రం నిండుగా ఉంది. లోహం నిన్న సావ్కార్ ముఖం వైపు తిరిగి, ఆ భంగిమలోనే బిగుసుకుపోయింది. ఏసీ ఆపమని శరణ్ బెంగళూరు నుంచి రుద్రేశ్‌కు మెసేజ్ పెట్టాడు. సిగ్నల్ లేనందువల్ల అది అందలేదు.

అంతలో కాలువకు నీళ్ళు వదిలారు. దుర్గక్క పొలం దున్ని, మడి కట్టి, వరి నాటు వేయించింది. దాంతో సరిహద్దు సంకేతాభివృద్ధి అంతా ఆమె మడి మధ్యలో, మోకాలి లోతు బురదలో స్థిరపడింది.

బసప్ప పంచె ఎగ్గట్టి, మిషన్ నెత్తిన పెట్టుకొని మడిలోకి దిగాడు. జనం వెనకాలే దిగారు. గట్టు మీద దుర్గక్క నెత్తీనోరూ కొట్టుకుంది.

"నా పైరు తొక్కొద్దండప్పా. మీకు సిగ్నలు కావాలంటే గుండు కాడికి పోండి."

"గుండు మీద ఇప్పుడు లేదక్కా," అన్నాడు రుద్రేశ్ గట్టు మీద నిలబడి. "అంతా నీ మడిలోకే వచ్చింది. నువ్వు అదృష్టవంతురాలివి."

"నీ అదృష్టం కాలిపోను. సుమ్నే తనపాటికి తానుండే ఊరికి ఈ కర్మ ఏంది?"

కెంచమ్మ కట్టె ఊతతో దిగింది. కాలు బురదలో దిగబడితే పైకి రాలేదు. ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి లాగారు. ఎలాగో మిషన్ దాకా చేరి బొటనవేలు పెట్టింది. వేలికి బురద. తుడిచి పెట్టింది, తడి. కొంగుతో తుడిచి పెట్టింది, కొంగుకే బురద. మిషన్ ఒప్పుకోలేదు.

గట్టెక్కాక కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. "గుండు మీద గాలన్నా వస్తాండె," అని మాత్రం అంది. తిట్టి ఉంటే రుద్రేశ్‌కు ఆ రాత్రి అన్నం దిగేది.

ఆ వారంలోనే ఒక పొద్దున, ఎండెక్కాక, కరెంటు పోయింది. ఏసీ ఆగింది. అద్దాల గది ఎండకు పొయ్యిలా కాగింది. కాసేపటికి బసప్ప అంగట్లో మిషన్ తనంతట తాను మేలుకొని, కన్నడంలో వేలు పెట్టమంది. పొద్దున రేషన్ అంగడికని శరణ్ పెట్టిపోయిన ప్రకారం, కరిగిన లోహం అంగడి వైపు తిరిగిందన్నమాట. జనం పరుగున వచ్చి వరుస కట్టారు. కెంచమ్మ ముందుగానే వచ్చింది గాని రుద్రేశ్ చెయ్యి పట్టుకొని చివరికి తీసుకుపోయాడు.

"పార్టీవాడి అమ్మ ముందు నిలబడితే మాటొస్తాదిమా."

వరుస సగం కదిలేసరికి ఎవరో అరిచారు, "కరెంటొచ్చింది" అని. ఏసీ గుర్రుమంది. ఇంకాసేపటికి మిషన్ కళ్ళు మూసుకుంది. చల్లబడగానే పంపు లోహాన్ని మొదటిరోజు నేర్చిన వేదిక వైపుకే తోసింది, అది అక్కడే మళ్ళీ బిగుసుకుంది. వరుసలో మిగిలినవాళ్ళు కరెంటును అమ్మనా బూతులు తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారు. నిట్టగుండు పుట్టాక కరెంటొచ్చిందని ఏడవటం అదే మొదలు.

శరణ్ అంగడి మేడ మీద చెప్పిన ముప్పై డిగ్రీల మాట రుద్రేశ్‌కు అప్పుడు వెలిగింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బళ్ళారి పోయి విక్రమ్‌ను పట్టుకున్నాడు.

"సార్, ఆ ఏసీ ఆపేస్తే సరిపోతాది. లోహం కరుగుతాది, సిగ్నలొస్తాది."

విక్రమ్ అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేశాడు. "రుద్రేశా, ఆ ఏసీ ఆన్ చేసింది ఎవరు?"

"సావ్కార్."

"స్వహస్తాలతో ఆన్ చేసినారు. మనం ఆఫ్ చేస్తే ఏమవుతాది? ప్రాజెక్టు మూతపడిందని రేపు అవతల పార్టీవాళ్ళు మిద్దె కింద ధర్నా చేస్తారు. సావ్కార్ ఆన్ చేసిందాన్ని ఆఫ్ చేయాలంటే, సావ్కార్ కన్నా పెద్దాయన రావాల. ముఖ్యమంత్రిని పిలిపిస్తావా?"

రుద్రేశ్ ఆలోచించాడు. విక్రమ్ చెప్పింది పార్టీపరంగా నూటికి నూరుపాళ్ళు సబబే. అందుకే మధ్యేమార్గం వెతికాడు. ఏసీ జోలికి పోకుండా, సావ్కార్ గౌరవం చెడకుండా, పగలు కాసేపు కరెంటు తీయమని అడిగితే చాలు. ఊళ్ళో అందరిచేతా సంతకాలు పెట్టించి వెండి అంగడి మెట్లెక్కాడు.

సావ్కార్ అర్జీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చదివారు.

"పగటిపూట కరెంటు తీయమంటాండారా మీరు?"

"హౌదు సావ్కార్. మాకు అంత కరెంటు వద్దు."

రాజగోపాలయ్యగారు అర్జీని కళ్ళకద్దుకున్నారు. కరెంటు కావాలని రాళ్ళు వేసిన ఊళ్ళను చూశారు, సబ్‌స్టేషన్ ముందు పడుకున్న రైతులను చూశారు. మాకు తగ్గించి ఇంకొకరికి ఇవ్వండి అనే ప్రజలను ఈ జన్మలో చూస్తామనుకోలేదు. రుద్రేశ్ రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఇంత త్యాగబుద్ధి ఉండే ఊరికి నేనేం చేసినా తక్కువే. ఇంక నిట్టగుండులో ఒక్క నిమిషం కరెంటు పోకూడదు."

"అది కాదు సావ్కార్..."

"నువ్వేం మాట్లాడొద్దప్పా. నీ మనసు నాకు తెలుసు."

ప్రభుత్వ పనులు ఆలస్యమవుతాయనేవాళ్ళు నోరు మూసుకోవాలి. కొత్త స్తంభాలు దిగాయి, కొత్త తీగలు లాగారు, నిట్టగుండుకు ప్రత్యేక లైను వచ్చేసింది. అంతటితో ఆగలేదు. ఏసీ నిరంతరం నడుస్తున్నదీ లేనిదీ చూసుకోవడానికి శీతల పర్యవేక్షకుడు అనే ఉద్యోగాన్ని సృష్టించి, కొత్త లైను ప్రారంభ సభలోనే రుద్రేశ్‌కు ఇచ్చారు. తాళంచెవి, రిమోట్ అతని చేతికి వచ్చాయి. గుర్తింపు కార్డు మెడలో వేశారు. పేరు పిలవగానే అలవాటు ప్రకారం అతనే మొదట చప్పట్లు కొట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి కార్డు తల్లికి చూపించాడు.

"ఏం పనిరా?"

"ఏసీ ఆగకుండా చూసే పని."

కెంచమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. "నెలాఖరు రేపే కదా," అంది.

రుద్రేశ్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే మిద్దెక్కి తాళం తీశాడు. లోపల చలి ఎముకలు కొరుకుతోంది. గొట్టాల్లో లోహం దుర్గక్క మడి వైపే చూస్తూ బిగుసుకొని ఉంది. గోడ మీద సావ్కార్ నవ్వుతున్నారు. రుద్రేశ్ ఫోటోకు దండం పెట్టి, దాన్ని నెమ్మదిగా గోడ వైపుకు తిప్పి, రిమోట్ నొక్కాడు. కీచుమని చిన్న చప్పుడు చేసి ఏసీ ఆగింది. పార్టీలో చేరిన నాటినుంచి అతను సొంతంగా చేసిన మొదటి పని అదే.

ఎండెక్కింది. అద్దాలు కాగాయి. చెమటలు కక్కుతూ లోపలే కూర్చొని చూస్తున్నాడు. గొట్టం అంచున ఒక బొట్టు కదిలింది, తరువాత మెరుస్తూ మొత్తం కదిలింది. కింద బసప్ప మిషన్ గొంతు వినబడింది. ఊరు ఉరుకులు పరుగులతో వచ్చింది. అద్దంలోంచి తల్లి కనబడింది. చెప్పకుండానే పోయి వరుస చివర నిలబడింది. ఒక్కొక్క వేలూ పడుతోంది, ఒక్కొక్కసారీ మిషన్ ధన్యవాదాలు చెబుతోంది. రుద్రేశ్‌కు గుండె నిండిపోయింది.

అప్పుడు అతని ఫోను మోగింది. సావ్కార్.

"ఏమప్పా రుద్రేశా, ఏసీ నడుస్తాండాదా?"

"నడుస్తాండాది సావ్కార్," అన్నాడు నుదుటి చెమట తుడుచుకుంటూ.

"నడుస్తాండాదని నాకు తెలిసిపోయిందిలే. ఎట్లో చెప్పు చూద్దాం. ఇన్నాళ్ళూ నీకు ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. ఈపొద్దు ఒక్క ఏటుకే కలిసింది. దీన్ని ఏమంటారు?"

రుద్రేశ్ ఆగి ఉన్న ఏసీ వైపు చూశాడు.

"నిలకడ అంటారు. కరెంటు నిలకడ, ఏసీ నిలకడ, దాంతో సిగ్నలు నిలకడ. ఆ ఇంజనీరు ఏమేమో చెప్పె. చూడు ఇప్పుడు. ఎంత మీద పెట్టినావు?"

"పద్దెనిమిది సావ్కార్."

"పదహారు పెట్టు. ఇంకా బాగా వినబడుతాది. పెట్టు, నేను లైన్లోనే ఉంటా. ఆ కీచు చప్పుడు నా చెవికి వినబడాల."

రుద్రేశ్ కిందికి చూశాడు. తల్లి ముందు ఇంకా కొందరున్నారు. చప్పుడు కావాలంటే ఏసీ వేయాలి, ఇంకో దారి లేదు. వేశాడు. కీచుమంది. తగ్గించాడు. మళ్ళీ కీచుమంది. రెండూ సావ్కార్ చెవిలో పడ్డాయి.

"శభాష్. ఇంకో మాట విను. తాలూకా పంచాయతీ టికెట్టుకు నీ పేరు పైకి పంపించినా."

సావ్కార్ మాట మొదలుపెడితే ముగించే అలవాటు లేని మనిషి. నిట్టగుండు త్యాగం గురించి చెప్పారు. దాన్ని తాను బెంగళూరులో ఎవరెవరికి చెప్పిందీ చెప్పారు. వాళ్ళు ఎలా ఆశ్చర్యపోయిందీ ఒక్కొక్కరి పేరూ చెప్పి వివరించారు. రుద్రేశ్ బొటనవేలు రిమోట్ మీదే ఉంది. నొక్కితే ఏసీ ఆగుతుంది. కాని ఆగేటప్పుడు కూడా అది కీచుమంటుంది. లైన్లో సావ్కార్ ఉన్నారు. మధ్యలో పెట్టేయడానికి అది మామూలు ఫోను కాదు, పేరు పైకి పంపించినాయన ఫోను.

"హౌదు సావ్కార్," అన్నాడు. గది చల్లబడింది. అద్దాల అంచులు మసకబారడం మొదలైంది. "హౌదు సావ్కార్," అని మళ్ళీ అన్నాడు. రిమోట్ పట్టుకున్న చేత్తోనే ఫోటోను ఇటు తిప్పాడు. కింద వరుస జరుగుతోంది. బసప్ప పిలిచాడు, కెంచమ్మ ముందుకు వచ్చింది. పొద్దుననుంచి ఎక్కడా ముట్టించకుండా కొంగులో చుట్టి పెట్టుకున్న బొటనవేలిని తీసి, మిషన్ మీద ఆనించింది.

"ఇంకేముంది, నీలాంటి కార్యకర్తలు ఊరికి ఒకడుంటే..." అంటున్నారు సావ్కార్. అక్కడ లైను తెగిపోయింది.

బసప్ప మిషన్‌ను విదిలించాడు. చెవి దగ్గర పెట్టుకొని చూశాడు. మళ్ళీ విదిలించాడు. కెంచమ్మ వేలు తీయకుండా అలాగే ఉంచి, తలెత్తి మిద్దె వైపు చూసింది. అద్దం మసకలో కొడుకు సరిగా కనబడలేదు.

"కరెంటొచ్చినట్టుండాదే," అంది. చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని, కట్టె ఊతతో దుర్గక్క మడి వైపు నడిచింది.